మిషన్ మార్చే ముందు, కాదని పంపేసిన ఆర్డర్లు రాసుకో

ప్రశ్న: అక్కా, మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కంప్యూటర్‌లో గీసిన బొమ్మని కార్డు మీద బ్లేడుతో కోసే మిషన్, క్రికట్ ఎక్స్‌ప్లోర్ ఎయిర్ 2, నాలుగేళ్ళ కిందట కొనుక్కున్నాను. కేక్ టాపర్లు, బారసాలకి, ఓణీల ఫంక్షన్లకి డెకరేషన్ అక్షరాలు, పూతరేకులు అమ్మే షాపుకి డబ్బాల మీద స్టిక్కర్లు చేసిస్తుంటాను. తెలుగు పేర్లు మాత్రం డీటీపీ షాపులో చేయించి తెచ్చుకుంటాను. ఖర్చులు పోను నెలకి ఐదారు వేలు మిగులుతాయి. శ్రావణం నుంచి కార్డు చిరుగుతోంది, వత్తులు ఊడిపోతున్నాయి. అక్రిలిక్ టాపర్లు, చెక్క నేమ్ బోర్డులు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, చెయ్యలేక వద్దంటున్నాను. అమలాపురంలో బొటిక్ నడిపే ఆవిడేమో లంగా ఓణీల మీద ప్యాచ్ వర్క్‌కి రా సిల్క్ పువ్వులు, నెమళ్ళు కత్తిరించి ఇమ్మంటున్నారు. మా మరిది సంక్రాంతికి అమెరికా నుంచి వస్తున్నాడు. ఇదే కంపెనీది ఇంకా బలమైన మిషన్, మేకర్ అని ఉంది, తెచ్చిపెడతాను వదినా అంటున్నాడు. చీటీ పాడిన 45 వేలు చేతిలో ఉన్నాయి. అత్తయ్యగారు బట్టలు కుడతారు, ఆవిడ ఉన్నదాంతో సరిపెట్టుకోమంటారు. మావారు నీ ఇష్టం అంటారు. చాలా టెన్షన్‌గా ఉంది. చెల్లెలనుకుని చెప్పండి.

జవాబు: చెల్లెలనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీ మరిదికి ఇప్పుడే సరే అనకు, వద్దనీ అనకు. సంక్రాంతికి ఇంకా రెండు నెలల టైముంది. ఈలోగా మార్గశిరం పెళ్ళిళ్ళు వస్తాయి, నీ చేతికి పని తగులుతుంది. మిషన్ మార్చాలా వద్దా అన్నది ఆ పని మీదే తేలుతుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు వేర్వేరు ఇబ్బందుల్ని ఒకే మూటలో కట్టావు, అందుకే అంత బరువుగా ఉంది. కార్డు చిరగడం ఆపడానికి కొత్త మిషన్ అక్కర్లేదు. అక్రిలిక్‌కి, చెక్క బోర్డులకి మేకర్ వచ్చినా ఒరిగేది లేదు. మేకర్ గురించి నిజంగా ఆలోచించాల్సింది ఆ బొటిక్ గుడ్డ కోసం ఒక్కటే.

చిరగడం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే రేపు పొద్దున్నే నీకు పనికొచ్చేది అదే. శ్రావణం నుంచి అని నువ్వే రాశావు. మన లంక ఊళ్ళలో వానలు మొదలయ్యాక గాలంతా తడే. కార్డు ఆ తడి పీల్చుకుంటుంది. అలాంటి కార్డు మీద బ్లేడు వెళ్తే తెగకుండా పీచు లాగుతుంది. ఒక ముక్క చేతిలోకి తీసుకుని అంచు దగ్గరగా చూడు. శుభ్రంగా తెగిన అంచు గీత గీసినట్టుంటుంది. తడి కార్డు అంచుకి సన్నటి నూగు కనిపిస్తుంది. కొత్త ప్యాకెట్ విప్పగానే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చెప్పుల డబ్బాల్లోనూ మందు సీసాల్లోనూ వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఓ నాలుగు పడెయ్. గోడకి ఆనించి నిలబెట్టకు. నేనలా నిలబెట్టి వంద షీట్ల కట్ట మొత్తం విల్లులా వంచేసుకున్నాను.

తర్వాత బ్లేడు. బంగారు రంగు హోల్డర్ బయటికి తీసి, పైనున్న బొడిపె నొక్కితే కింద బ్లేడు మొన బయటికి వస్తుంది. చాలాసార్లు ఆ మొనకి ఒక కాగితపు పోగు చుట్టుకుని ఉంటుంది. అదే చిరగడానికి కారణం అంటే నమ్మబుద్ధి కాదు, కానీ నా దగ్గరికి వచ్చి మిషన్ పాడైందన్న వాళ్ళలో చాలామంది బాధ ఆ పోగే. బొడిపె నొక్కి పట్టుకుని అల్యూమినియం ఫాయిల్ ఉండలో నలభై యాభైసార్లు గుచ్చు, మొన శుభ్రపడుతుంది. అప్పటికీ చిన్న చతురస్రం, త్రిభుజం సరిగా తెగకపోతే బ్లేడు మార్చేయ్. నాలుగేళ్ళలో ఎన్ని మార్చావో నువ్వు రాయలేదు. మెరుపు కార్డు కోసిన బ్లేడుతో మామూలు కార్డు కొయ్యకు, మెరుపు పొడి మొనని తినేస్తుంది.

కార్డుని అంటించి మిషన్‌లోకి పంపే మ్యాట్ జిగురు పోయినా కార్డు కదిలి చిరుగుతుంది. పారెయ్యకు. గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి బ్రష్‌తో గుండ్రంగా రుద్ది, నీడలో ఆరబెట్టు. ఎండలో పెడితే వంకర పోతుంది. నాలుగైదుసార్లు ఇలా బతికించుకోవచ్చు. ఇక బ్లేడు బండి జరిగే కడ్డీ మీద దుమ్ము ఉంటే, మిషన్ ఆపేసి, పొడి గుడ్డతో తుడువు. గరగర శబ్దం వస్తోందని కొబ్బరి నూనె చుక్క వేసేవాళ్ళున్నారు. మన వైపు ఆ అలవాటు ఇంకా ఎక్కువ. అది నాలుగు రోజుల్లో జిడ్డుగా పేరుకుని దుమ్మంతా పట్టుకుంటుంది. వేస్తే మిషన్ గ్రీజే వెయ్యాలి, అదీ పల్చగా.

ఇప్పుడు వత్తులు. నీ ఉత్తరంలో నాకు అసలు ఆధారం దొరికింది ఇక్కడే. పేర్లు డీటీపీ షాపులో చేయించుకుంటానన్నావు. అక్కడ ఎక్కువమంది వాడేది ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లు. ఆ ఫాంట్లలో అక్షరం ఒక్క ముక్కగా ఉండదు. అక్షరం ఒకటి, గుణింతం ఒకటి, వత్తు ఒకటి, విడివిడి ముక్కల్ని ఒకదాని మీద ఒకటి ఎక్కించి కూరుస్తారు. కాగితం మీద ప్రింటు వేస్తే తేడా తెలియదు, అంతా నలుపే కదా. మన మిషన్ నలుపు చూడదు, అంచు గీత చూస్తుంది. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట రెండు గీతలూ కోసేస్తుంది. అక్కడ కార్డు చిన్న చిన్న పేలికలవుతుంది. నువ్వు బ్లేడు మార్చినా, మేకర్ తెచ్చినా, మేకర్ కూడా అలాగే కోస్తుంది.

దీనికి మందు ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు. అందులో మామూలు యూనికోడ్ తెలుగులోనే, ఫోన్‌లో టైపు చేసినట్టే, పేరు టైపు చెయ్. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. టాపర్లకి నేను రామభద్ర వాడతాను, అక్షరం లావుగా ఉండి విరగదు. టైపు చేశాక పాత్‌గా, అంటే అంచు గీతగా మార్చి, ముక్కలన్నీ ఒకటయ్యేలా యూనియన్ కొట్టి, మిషన్ చదివే ఎస్‌వీజీ ఫైలుగా దాచుకో. నేరుగా క్రికట్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ డిజైన్ స్పేస్‌లో టైపు చేసి గుణింతాలు చెదిరితే కంగారు పడకు, ఇలా చేసి తెచ్చుకుంటే సరిపోతుంది.

యూనియన్ కొట్టినా తెలుగు అక్షరాలకి ఇంకో చిక్కుంది. ప, స, హ, ష రాసి చూడు. తలకట్టు అక్షరానికి అతుక్కోదు, పైన విడిగా ఉంటుంది. సున్న విడిగా నిలబడుతుంది. పుట్టినరోజులో ట కింద ట వత్తు విడిగా వేలాడుతుంది. ఇంగ్లిష్‌లో హ్యాపీ బర్త్‌డే కలిపిరాత ఫాంట్‌లో ఒకే ముక్కగా వచ్చేస్తుంది, మనకి అలా రాదు. అందుకని కోసే ముందే ప్రతి విడి ముక్కనీ కొంచెం జరిపి అక్షరంలోకి చొప్పించి మళ్ళీ యూనియన్ కొట్టాలి. సున్నని పక్క అక్షరం మీదికి ఒక నూలు పోగంత ఎక్కించాలి. అతుకు ఎక్కడా రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉండకుండా చూసుకో. ఒక పేరుకి పావుగంట పడుతుంది. ఒకసారి చేసిన శ్రీరస్తు, శుభమస్తు, పుట్టినరోజు శుభాకాంక్షలు దాచుకుంటే జన్మంతా పనికొస్తాయి. డీటీపీ షాపుకిచ్చే డబ్బూ మిగులుతుంది.

ఆ ఫైళ్ళు నీ కంప్యూటర్‌లోనూ ఒక పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచుకో, కంపెనీ వాళ్ళ అకౌంట్‌లోనే వదిలెయ్యకు. 2021 మార్చిలో క్రికట్ వాళ్ళు, నెలవారీ చందా కట్టనివాళ్ళు నెలకి 20 డిజైన్లకి మించి ఎక్కించకూడదన్నారు. వాడేవాళ్ళంతా గట్టిగా అడిగేసరికి కొన్ని రోజులకే వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ అలా జరగాలని కాదు, కానీ మన చేతిపని మన దగ్గర ఉండాలి.

అక్రిలిక్, చెక్క విషయంలో నా అనుభవం చెప్తాను. నేను మేకర్ కొన్నది 2019లో. 2.4 మిల్లీమీటర్ల మందం వరకు కోస్తుందని, పాతదాని కన్నా పది రెట్లు బలంగా, నాలుగు కిలోల దాకా నొక్కుతుందని కంపెనీ వాళ్ళు చెప్పేది నిజమే. నేనూ ఆ బలం చూసే కొన్నాను. మొదటి నెలలోనే పాలకొల్లులో ఒక పెళ్ళివారికి శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు బోర్డు ఒప్పుకున్నాను. బైండింగ్ వాళ్ళు వాడే రెండు మిల్లీమీటర్ల గట్టి అట్ట మీద, మందమైనవి కోసే నైఫ్ బ్లేడుతో. ఆ బ్లేడు ఒక్క దెబ్బకి తెగ్గొట్టదు. ఒకే గీత మీద కొంచెం కొంచెం లోతుగా ఇరవైసార్ల పైనే తిరుగుతుంది. అట్ట జరగకుండా నాలుగు అంచులకీ టేపు వేసి, రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టాను. పదిన్నరకి వత్తుల దగ్గరికి వచ్చింది. ఘ్న కింద న వత్తు చుట్టూ తిరుగుతుండగా కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి మిషన్‌కి తను ఎక్కడుందో తెలియదు. మ్యాట్ బయటికి తీసి మళ్ళీ పెడితే గీత మీద గీత పడదు. అట్ట చేత్తో విప్పితే స్త దగ్గర త వత్తు నా వేళ్ళకే విరిగి వచ్చింది. ముహూర్తం మర్నాడు రాత్రి.

పొద్దున్నే మొదటి బస్సుకి భీమవరం వెళ్ళి లేజర్ కటింగ్ షాపు ముందు నిలబడ్డాను. అతను చెక్కపొడి నొక్కి చేసే ఎండీఎఫ్ షీటు, మూడు మిల్లీమీటర్లది పెట్టి, నా ఫైలు తీసుకుని, టీ తాగి వచ్చేలోగా మూడు మాటలూ కోసిచ్చాడు. ఒక్క వత్తు విరగలేదు. ఇంటికొచ్చి బంగారు రంగు వేసి సాయంత్రానికి ఇచ్చేశాను. తర్వాత చూస్తే నైఫ్ బ్లేడు సూచనల్లో కంపెనీ వాళ్ళే రాశారు, ముప్పావు అంగుళం కన్నా చిన్న ఆకారాలు వద్దని. మన వత్తులన్నీ దాదాపు అంతకన్నా చిన్నవే కదమ్మా. పెద్ద పెద్ద పువ్వులు, ఇంగ్లిష్ మొదటి అక్షరాలు అయితే సరే, తెలుగు పేర్ల బోర్డుకి నైఫ్ బ్లేడు పనికిరాదు. ఆ బాధ నువ్వు పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అక్రిలిక్ అయితే టాపర్లకి వాడే మూడు మిల్లీమీటర్ల షీటుని ఇంట్లో పెట్టుకునే ఏ బ్లేడు మిషనూ కొయ్యదు, ఎక్స్‌ప్లోరూ కొయ్యదు, మేకరూ కొయ్యదు. అది లేజర్ పని. ఎవరైనా చిన్న లేజర్ కొనుక్కోమని చెప్తే ఆగు. తక్కువ ధరకి వచ్చే డయోడ్ లేజర్ల నీలం వెలుగు, రంగులేని అక్రిలిక్‌లోంచి కిటికీ అద్దంలోంచి దాటినట్టు దాటిపోతుంది, కొయ్యదు. స్టిక్కర్ వినైల్‌ని ఏ లేజర్‌లోనూ పెట్టనివ్వకు. అది పీవీసీ, కాలితే వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకీ చెడు, మిషన్‌కీ చెడు.

కాబట్టి ఆ ఆర్డర్లు వద్దనకు. ఒప్పుకుని, ఫైలు నువ్వు చేసి, అమలాపురంలోనో రాజమండ్రిలోనో దగ్గర్లో ఉన్న లేజర్ షాపులో కోయించి, రంగూ అలంకారమూ నువ్వు చేసి ఇవ్వు. కస్టమర్ డబ్బిచ్చేది కోతకి కాదు, అక్షరం అందంగా కూర్చినందుకు. అది నీకు వచ్చు. ఒక్కసారి వెళ్ళి వాళ్ళకి ఏ రకం ఫైలు కావాలో, ఒక అడుక్కి ఎంత తీసుకుంటారో కనుక్కో. చాలామంది కోరల్ డ్రా ఫైలు అడుగుతారు, ఎస్‌వీజీ ఇచ్చినా అందులో తెరుచుకుంటుంది. ఫంక్షన్ హాలు బ్యాక్‌డ్రాప్‌కి అడుగున్నర, రెండడుగుల అక్షరాలు అడిగినా ఇంతే. మన మిషన్లన్నీ 12 అంగుళాల వెడల్పువే, మేకర్ కూడా. పెద్దవి ఫ్లెక్స్ షాపు వాళ్ళ కటింగ్ ప్లాటర్ మీద చేయించుకో.

ఇక గుడ్డ. ఇక్కడ మాత్రం మేకర్‌కీ నీ మిషన్‌కీ నిజమైన తేడా ఉంది. మేకర్‌లో బ్లేడు పట్టుకునే చోట పైన ఒక చిన్న పళ్ళ చక్రం ఉంటుంది, అది బ్లేడుని తిప్పుతుంది. అందుకే దాంట్లో రోటరీ బ్లేడు పడుతుంది. కజ్జికాయల అంచు కోసే చక్రం చూశావు కదా, దాన్ని గోరంత చేస్తే అదీ రోటరీ బ్లేడు. గుడ్డని లాగకుండా దాని మీద దొర్లుకుంటూ వెళ్తుంది. వెనక ఏమీ అతికించకుండా పల్చటి గుడ్డని కూడా కోస్తుంది. నీ ఎక్స్‌ప్లోర్‌లో ఆ పళ్ళ చక్రం లేదు, ఆ బ్లేడు ఎప్పటికీ పట్టదు.

కానీ ఆ బొటిక్ ఆవిడ అడిగింది ఏమిటి? రా సిల్క్ పువ్వులు, ప్యాచ్ వర్క్‌కి. ప్యాచ్ వర్క్ అంటే పువ్వు వెనక ఫ్యూజింగ్, అంటే వేడికి అంటుకునే పల్చటి పొర, పెట్టి ఇస్త్రీ చేసి, లంగా మీద అతికించి, అంచు చుట్టూ కుట్టు వేస్తారు. అంటే ఫ్యూజింగ్ ఎలాగూ వెయ్యాల్సిందే. ఫ్యూజింగ్ వేసిన గుడ్డ కాగితంలా బిగుసుకుంటుంది, దాన్ని నీ ఎక్స్‌ప్లోరే కోస్తుంది. దానికోసమే గులాబీ రంగు హోల్డర్‌లో వేరే బ్లేడు అమ్ముతారు. మిషన్ డయల్ మీద కూడా బాండెడ్ ఫ్యాబ్రిక్ అని ఒక గుర్తుంది, బహుశా నువ్వు ఒక్కసారి కూడా అక్కడికి తిప్పి ఉండవు.

ఇంకో సంగతి. రోటరీ చక్రం చిన్న మలుపులు తిరగలేదు, దానికీ ఆ ముప్పావు అంగుళం లెక్కే. నెమలి పింఛంలో కన్నులున్నాయి చూడు, అవి చక్రంతో రావు. ఫ్యూజింగ్ వేసి మొన బ్లేడుతో కోస్తేనే వస్తాయి. అంటే నీకొచ్చిన ఆర్డర్‌లో పువ్వులకి రెండు మిషన్లూ పనికొస్తాయి, నెమళ్ళకి మేకర్ ఉన్నవాళ్ళు కూడా నీ పద్ధతే పట్టాలి.

అందుకని ముందు ఇది చెయ్. బొటిక్ ఆవిడ దగ్గర అర మీటరు రా సిల్క్ అడుగు, ఏ గుడ్డ మీద పని కావాలో ఆ గుడ్డే. రెండు వైపులా అంటుకునే ఫ్యూజింగ్ తెచ్చి వెనక ఇస్త్రీ చేసి పూర్తిగా చల్లారనివ్వు. వేడి మీద మ్యాట్‌కి పెడితే వంకరగా అతుక్కుంటుంది. రెండంగుళాల పువ్వులు ఒక 12 అంగుళాల మ్యాట్ మీద 25 దాకా పడతాయి. ఒక మ్యాట్ పువ్వులు, రెండు నెమళ్ళు కొయ్యి. గుడ్డకి వాడిన బ్లేడుతో కాగితం కొయ్యకు, వేరుగా గుర్తు పెట్టుకో. కోసినవి తియ్యడంతో సహా ఎంత సేపు పట్టిందో ఫోన్‌లో చూసి రాసుకో. తర్వాత ఒక పువ్వుని గోరుతో అంచు మీద పదిసార్లు గీకు. పోగులు లేస్తే ఫ్యూజింగ్ సరిగా పట్టలేదన్నమాట, ఇంకొంచెం వేడి కావాలి. ఈ పరీక్షలో పువ్వులు నిలబడితే, మార్గశిరం అంతా ఆ ఆర్డర్లు ఉన్న మిషన్ మీదే చెయ్యొచ్చు.

ఆవిడ నెట్టు, ఆర్గంజా, జార్జెట్ లాంటివి అడిగితే కథ వేరు. వాటికి ఫ్యూజింగ్ వేస్తే ముందు వైపుకి కనిపిస్తుంది, గుడ్డ అందం పోతుంది. లేదా పిల్లల గౌన్ల ముక్కలు, మెత్తటి గుడ్డ బొమ్మలు అడిగితే అప్పుడు రోటరీ బ్లేడు కావాలి. అప్పుడు మేకర్ కొనుక్కో, నేను అడ్డు చెప్పను.

కాకపోతే లెక్క వేసుకుని కొనాలి. గుడ్డ ఆవిడే ఇచ్చి, పువ్వుకి 8 రూపాయలు ఇస్తారనుకుందాం. నెలకి 200 పువ్వులైతే 1600. బ్లేడు, మ్యాట్ అరుగుదల పోను 1200 చేతికొస్తాయి. మిషన్‌కి ఆ 45 వేలూ పెడితే, తిరిగి రావడానికి 37 నెలలు దాటుతుంది. అదీ అన్ని నెలలూ పని ఉంటే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం మనకి ఖాళీ, మధ్యలో మూఢం వస్తే అదీ ఖాళీ. ఏడాదికి ఎనిమిది నెలలే లెక్కేసుకో. అప్పుడు నాలుగున్నరేళ్ళ పైనే. అదే నెలకి 600 పువ్వులైతే, అదే లెక్కన నెలకి 3600, పన్నెండున్నర నెలల పని, అంటే సుమారు ఏడాదిన్నరలో డబ్బు చేతికొస్తుంది. బొటిక్ ఆవిడని మొహమాటం లేకుండా అడుగు, మాఘం నుంచి వైశాఖం దాకా నెలకి ఎన్ని కావాలి, ఏ గుడ్డ, రేటెంత అని. చూద్దాంలే అంటే 200 అనుకో. అడ్వాన్సు ఇస్తానంటే 600 అనుకో.

దీంతోపాటు ఒక నోట్‌బుక్ పెట్టు. నీ దగ్గర నుంచి వెనక్కి వెళ్ళిన ప్రతి ఆర్డరూ తారీఖు వేసి రాయి. ఏం అడిగారు, ఎంత ఇస్తామన్నారు, ఎందుకు వద్దన్నావు. రెండు నెలలకి తిరగేస్తే తెలుస్తుంది. అన్నీ అక్రిలిక్, చెక్కే ఉంటే మేకర్‌తో పనిలేదు. గుడ్డ ఎక్కువుంటే మేకర్ దండగ కాదు.

కొనాలనే తేలితే నాలుగు మాటలు. మేకర్ 3 వచ్చింది 2021లో, మేకర్ 4 వచ్చింది 2025లో. ఈ కొత్తవాటికి స్పీడు ఎక్కువ, కంపెనీ వాళ్ళ ప్రత్యేక రోల్స్ వేస్తే మ్యాట్ లేకుండా 12 అడుగుల దాకా కోస్తాయి. నీకు ఆ రెండూ పెద్దగా కలిసిరావు. గుడ్డ ఎలాగూ మ్యాట్ మీదే, మన దగ్గర దొరికే స్టిక్కర్ షీట్లూ మ్యాట్ మీదే. ధర తేడా బాగా ఉంటే 3 చాలు. మీ మరిది కొనేముందు అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడమను. ఉంటే పిన్ను మార్చే చిన్న సాకెట్ సరిపోతుంది. వేడి ప్రెస్ కూడా తెస్తానంటే వద్దని గట్టిగా చెప్పు. అమెరికాలో అమ్మేవి 120 వోల్టులవి, మన 230లో పెడితే కాలిపోతుంది. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చూస్తారో లేదో బిల్లు కట్టకముందే కనుక్కోమను. చూడకపోతే, ఇక్కడే కొంటే ఎంతవుతుందో ఆ ధర పక్కన పెట్టి చూసుకో. కొంత ఎక్కువైనా బాగుచేసేవాళ్ళు ఉండటం మన ఊళ్ళో పెద్ద ఊరట.

ఇంటర్నెట్ సరిగా రాని ఊరైతే వేరే కంపెనీ మిషన్ సిలుయెట్ కేమియో కూడా చూడొచ్చు, దాని సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది. కానీ నీ మ్యాట్లు, బ్లేడులు, నాలుగేళ్ళ అలవాటు అన్నీ క్రికట్‌వి. ఎక్స్‌ప్లోర్ బ్లేడులూ మ్యాట్లూ మేకర్‌లో పనిచేస్తాయి, ఆ లాభం వదులుకోకు. కొత్తది వచ్చినా పాతది అమ్మెయ్యకు. సీజన్‌లో ఒకటి కార్డుకీ ఒకటి గుడ్డకీ ఉంటే, బ్లేడులు మార్చుకునే పనే తప్పుతుంది. ఏ మిషనైనా ఇన్వర్టర్ లైను మీద పెట్టు. ఆ రాత్రి నాకు అదే ఉంటే భీమవరం వెళ్ళేదాన్ని కాదేమో.

ఇప్పటికి చీటీ డబ్బులోంచి మూడు వేలు తియ్యి. రెండు మంచి బ్లేడులు, ఒక కొత్త మ్యాట్, గుడ్డ బ్లేడు, ఫ్యూజింగ్. మిగతా 42 వేలు కదపకు.

మీ అత్తయ్యగారు కుడతారని రాశావు. ఆవిడ సరిపెట్టుకో అన్నారని నొచ్చుకున్నట్టున్నావు. నాకైతే ఈ పనిలో నీకున్న పెద్ద బలం ఆవిడే అనిపిస్తోంది. ఏ రా సిల్క్ పోగు విడుస్తుందో, ఏ ఫ్యూజింగ్ ఉతికితే లేచిపోతుందో నాకన్నా, ఆ బొటిక్ ఆవిడకన్నా ఆవిడకే బాగా తెలిసుంటుంది. మొదటి మ్యాట్ కోసే రోజు ఆవిడ్ని పక్కన కూర్చోబెట్టుకో. గుడ్డ మీద ఇస్త్రీ ఆవిడ చేత్తోనే చేయించు. పువ్వులు కోశాక రెండు ఆవిడకి ఇచ్చి, ఒక పాత జాకెట్టు ముక్క మీద కుట్టిపెట్టమను, ఉతికి ఆరేసి చూడండి. ఆ ముక్క ఫోటో, నీ నోట్‌బుక్‌లో మొదటి నెల పేజీ నాకు పంపు. మీ మరిది టికెట్టు తీసుకునేలోపు ఇద్దరం చూసి తేలుద్దాం.